అర లీటరు

పేరు నేను ఇవ్వలేదు.
అమ్మ రాయించింది.
బొబ్బిలిలో రాత్రి బయల్దేరిన వ్యానులో
చివరి సీటు, పక్కన మందుల అట్టపెట్టెలు.
ముందు కెజియా కంజర వాయిస్తోంది,
అందరూ పాడుతున్నారు.
నేను పెదాలు మాత్రం కదిపాను.
మూడేళ్లుగా అదొక్కటే బాగా వచ్చు నాకు.

నాన్న కోసం సంఘమంతా
ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉంది.
ఇరవై రెండో రోజు
అదే సంఘం పెట్టె మోసింది.
ఆ లెక్క నేనెవరినీ అడగలేదు.
అడిగితే ఏదో ఒక వాక్యం చెబుతారని భయం.

తెల్లారేసరికి ఉద్దానం.
కవిటి దాటాక జీడితోటలు,
కొబ్బరాకుల సందుల్లో ముక్కలు ముక్కలుగా సముద్రం.
ఇంత పచ్చటి చోట
మనుషులు లోపల్నుంచి ఎండిపోతున్నారంటే
చూసినా నమ్మబుద్ధి కాదు.

బడి వరండాలో బల్లలు వేశారు.
రక్తం సీసాల మీద పేర్లు అంటించడం నా పని.
క్రియాటినిన్ అన్న మాటని
వేలిముద్ర వేసే ముసలాళ్లు కూడా
మనవడి పేరంత తేలిగ్గా పలుకుతున్నారు.
మధ్యాహ్నం జెకర్యా పాస్టరుగారు టిన్నులు చూపించి
"నడవలేనివాళ్ల ఇళ్లకి ఈ నీళ్లు చేర్చాలమ్మా" అన్నారు.
ఇరవై లీటర్ల టిన్ను.
భుజం మార్చుకుంటూ, చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ,
దేవుణ్ణి కాదు, టిన్నుని తిట్టుకుంటూ
ఏడో ఇల్లు.

చీడీ మీద డిల్లేశ్వరమ్మ.
ఒళ్లో చేట, జీడిపప్పు మీది పొర వలుస్తోంది.
మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంది.
వారానికి మూడుసార్లు సోంపేట, మిషను దగ్గరికి.
"కూకోయే అమ్మీ, ముకం సూడు ఎలా కందిపోనాదో"
అంటూ టిన్ను మూత తనే తీసి
ఇత్తడి చెంబు నిండా వంచింది. నాకు.

"ముందు మీరు..." అన్నాను.
పక్కనున్న చిన్న స్టీలు గ్లాసు చూపించింది.
లోపల గోళ్లరంగుతో ఎర్రటి గీత.
"ఆ గీత కాడికి నాలుగు. రోజంతటికీ.
అర లీటరు దాటితే డాక్టరు బాబు తిడతాడు.
పొద్దున్నే రెండయిపోనాయి.
నువ్వు తాగు. నాను సూత్తాను."

తాగాను.
ఆమె నా గొంతునే చూస్తోంది.
ఒక్కో గుటకకీ
ఆమె గొంతు కూడా కిందికీ పైకీ.
"ఎలాగున్నాయేటి?"
"బాగున్నాయండీ."
"ఓలమ్మ, బాగున్నాయంటే నాకేటి తెలుస్తాదే?
సరిగ్గా సెప్పు."

నీళ్ల గురించి ఏం చెబుతారు ఎవరైనా?
సాక్ష్యం చెప్పమని లేపితే
చాప అల్లిక చూస్తూ నిలబడే దాన్ని నేను.
మళ్లీ ఓ గుక్క తాగాను,
మెల్లగా, కళ్లు మూసుకుని.
"ముందు నాలిక మీద ఇత్తడి వాసనండీ.
తరవాత ఏమీ ఉండదు.
ఆ ఏమీ లేకపోవడమే తియ్యగా ఉంది.
తరవాత ఇదిగో ఇక్కడ, గుండెకి వెనకవైపు
చల్లటి దారం ఒకటి జారుతోంది..."

"ఆఁ! ఆ దారఁవే! దాన్నే మర్సిపోనాను!"
అరచేత్తో చీడీ చరిచి నవ్వింది,
చేట పక్కకి ఒరిగి పప్పు దొర్లిపోయింది.
నేనూ నవ్వాను.
నీళ్లు ముక్కుకెక్కి, దగ్గుతూ నవ్వాను.
అది ఏడుపులోకి ఎప్పుడు తిరిగిందో తెలీదు.
వీపు నిమురుతూ అంది:
"నిదానం, నిదానం.
నీకేటి కొలతుందా?"

గోడ మీద అమ్మవారి పటం,
దాని మేకుకే వేలాడుతున్న ఆసుపత్రి ఫైలు.
పంచమని ఇచ్చిన కరపత్రాలు
నా సంచీలోనే ఉండిపోయాయి.

రాత్రి కూటంలో
"ఎవరైనా సాక్ష్యం?" అన్నారు పాస్టరుగారు.
లేవలేదు నేను.
కానీ కెజియా పాట ఎత్తుకున్నాక, రెండో చరణంలో
ఎవరిదో బొంగురు గొంతు, శ్రుతి తప్పి.
కంజర ఆపకుండానే కెజియా నా వైపు తిరిగి చూస్తే
తెలిసింది, అది నాదే.

నాన్న లెక్క ఇంకా తేలలేదు.
ఇప్పుడు దాన్ని దేవుణ్ణే అడగాలని ఉంది,
కోపంగానే,
ఉన్నవాణ్ణి అడిగినట్టు.

పొద్దున్న ఆరింటికి మళ్లీ టిన్నులు.
ఎవరూ చెప్పకముందే ఒకటి భుజానికెత్తుకున్నాను.
ఈసారి ఏడో ఇంటితో మొదలు.
ఇవాళ్టి నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పాలి.
దారి పొడుగునా
మాటలు వెతుక్కుంటూ వెళ్తున్నాను.